పరాయి దేశంలో పాత నంబరు సంగతి

సంపాదకులకు నమస్కారం.

విదేశాలకు వెళ్లేవారు ఫోన్ ఎలా వాడుకోవాలన్న విషయమై మీ పత్రిక ప్రయాణాల పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. సొంత సిమ్‌నే విదేశంలో వాడుకునే రోమింగ్ ప్యాక్, అక్కడ కొనే సిమ్, కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కే ఈ-సిమ్, ఉచిత వైఫై అనే నాలుగు దారులనూ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క జీబీకి ఎంత పడుతుందో లెక్కగట్టి, అన్నిటికంటే చవకైనది ఎంచుకోమని రచయిత సలహా ఇచ్చారు. లెక్కలో తప్పేమీ లేదు. అయితే సరిగ్గా అలాంటి లెక్కే వేసుకుని బయల్దేరి, బ్యాంకులో డబ్బు ఉండి కూడా పరాయి ఊళ్లో 9 రోజులపాటు చేబదులుతో గడిపినవాణ్ని కాబట్టి, ఆ వ్యాసం అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటి ఉందని మనవి చేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏ సిమ్ చవక అన్నది రెండో ప్రశ్న. ఇన్నేళ్లుగా వాడుతున్న నంబరు ఆ ప్రయాణంలో ప్రాణంతో ఉండాలా, ఉంటే ఏ పని కోసం ఉండాలి అన్నది మొదటిది.

జరిగింది ఇది. విమానం దిగిన సాయంత్రమే అక్కడి సిమ్ కొన్నాను. ఫోన్ అంచున ఉండే సన్నని రంధ్రంలో గుచ్చడానికి పిన్ను దొరకకపోతే నా భార్య చెవి దుద్దు కాడతో ట్రే బయటికి తీశాను. నానో సిమ్ పొడవు 12.3 మిల్లీమీటర్లు, వెడల్పు 8.8 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంత వస్తువు. బోర్డింగ్ పాస్ నుంచి ఒక ముక్క చింపి, పాత సిమ్‌ను అందులో పొట్లం కట్టి, హోటల్ గదిలో మంచం పక్క బల్ల మీద పెట్టాను. మర్నాడు ఊరు చూసి వచ్చేసరికి గది అద్దంలా ఉంది, బల్ల కూడా అద్దంలా ఉంది. ఆ శుభ్రత ఖరీదు ఆ రాత్రి రైలు టికెట్లు కొనబోయినప్పుడు తెలిసింది. కార్డు వివరాలు నింపాక, మీ నంబరుకు ఓటీపీ పంపాం, మూడు నిమిషాల్లో నమోదు చేయండి అని తెర మీద వచ్చింది. పంపినవారు పంపారు, అందుకోవాల్సిన సిమ్ అప్పటికే చెత్తబుట్ట దాటి వెళ్లిపోయింది.

నా సిమ్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా విని, నేను నేనేనని రూఢి చేసుకోవడానికి అదే నంబరుకు ఓటీపీ పంపుతానంది. పోయిన తాళంచెవి తెచ్చి చూపిస్తేనే అది పోయినట్లు రాసుకుంటామన్నట్లుంది వ్యవహారం. నకలు సిమ్ కావాలంటే స్వయంగా వచ్చి గుర్తింపు పత్రం చూపించాలి, అంటే తిరిగి ఇల్లు చేరాలి. నా భార్య కార్డు వాడదామంటే, దానికీ నా నంబరే ఇచ్చి ఉండటం నా ముందుచూపుకు మరో నిదర్శనం. చివరకు తోటి ప్రయాణికుడొకరు దయతలచి ఇచ్చిన నగదుతో మిగిలిన రోజులు గడిచాయి. ఇంతలోనూ నా ఫోన్‌లో వాట్సాప్ పాత నంబరు మీదే చక్కగా పనిచేస్తూ ఉండటం మాత్రం విచిత్రం. దానికి కారణముంది. అప్పట్లో వాట్సాప్ నంబరును ఒక్కసారే, నమోదు చేసుకునేటప్పుడే సరిచూసేది. ఆ తర్వాత ఫోన్‌లో ఏ సిమ్ ఉన్నా దానికి పట్టేది కాదు. సిమ్ మార్చగానే కొత్త నంబరుకు మారతారా అని అడిగితే వద్దని చెప్తే సరిపోయేది. బ్యాంకు అలా కాదు, ప్రతి లావాదేవీకీ అడుగుతుంది.

1992లో ఫిన్లాండ్‌లోని టెలికాం సంస్థకూ బ్రిటన్‌లోని వోడాఫోన్‌కూ మధ్య తొలి అంతర్జాతీయ రోమింగ్ ఒప్పందం కుదిరినప్పుడు, ఒక దేశపు చందాదారు మరో దేశపు టవర్ కింద నిలబడి మాట్లాడగలగడమే పెద్ద వింత. అదే ఏడాది డిసెంబరు 3న ప్రపంచంలో మొదటి ఎస్ఎంఎస్ వెళ్లింది. అందులో ఉన్నది క్రిస్మస్ శుభాకాంక్ష మాత్రమే. ఇవాళ మాటలకు, శుభాకాంక్షలకు ఎన్నో దారులు వచ్చాయి, ఎస్ఎంఎస్‌లో ఎవరూ ఎవరినీ పలకరించడం లేదు. కానీ బ్యాంకు ఖాతాకు, ఈమెయిల్‌కు, టికెట్లు బుక్ చేసుకునే ఖాతాలకు తాళంచెవులు చాలావరకు ఆ పాతకాలపు ఎస్ఎంఎస్ మీదుగానే వస్తున్నాయి. కాబట్టి విదేశంలో మన పాత నంబరు చేయాల్సిన పని మాట్లాడటం కాదు, నెట్ ఇవ్వడం అంతకన్నా కాదు. వచ్చే ఎస్ఎంఎస్‌లు అందుకోవడం. ఇది చాలా చిన్న పని, చాలా కంపెనీలు రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌కు డబ్బు తీసుకోవు కూడా. ఈ చిన్న పనిని విడదీసి చూడకపోవడం వల్లనే కొందరు నెట్ కోసం కూడా పాత సిమ్ మీదే ఖరీదైన ప్యాక్ వేయించుకుంటారు, నాలాంటి కొందరు దాన్ని ఏకంగా పీకి పొట్లం కడతారు.

రెండు సిమ్‌లు పట్టే ఫోన్ ఉన్నవారికి ఈ విభజన సులభం. పాత సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచి, దాని డేటా రోమింగ్ ఆపేసి, నెట్‌కు రెండో సిమ్ పెట్టుకోవాలి. చెప్పడానికి ఒక వాక్యమే గానీ ఇందులో మూడు మెలికలున్నాయి. డేటా రోమింగ్ మీట ఫోన్ మొత్తానికి ఒకటే అనుకుంటారు చాలామంది. అది ఒక్కో సిమ్‌కు వేరుగా ఉంటుంది. పాతదానికి ఆపాలి, ప్రయాణం కోసం కొన్న ఈ-సిమ్‌కు మాత్రం చాలా సందర్భాల్లో తెరిచే ఉంచాలి, ఎందుకంటే ఆ ఈ-సిమ్ ఇచ్చిన కంపెనీ మరో దేశానికి చెందినదై, అది కూడా అక్కడ రోమింగ్‌లోనే ఉంటుంది. ఇది తెలియక రెండింటికీ ఆపేసి, ఈ-సిమ్ పనిచేయడం లేదని తిట్టుకున్నవారిని చూశాను. రెండో మెలిక, ఒక సిమ్ సిగ్నల్ తగ్గితే నెట్‌ను దానంతటదే రెండో సిమ్ మీదికి మళ్లించే సదుపాయం కొన్ని ఫోన్లలో ఉంటుంది. దాన్ని ఆపకపోతే మనం కట్టిన గట్టు మన ఫోనే తెంచుతుంది. మూడోది, కొన్ని ఫోన్లు సిమ్ మార్చగానే తమ సొంత సందేశ సేవను నమోదు చేసుకోవడానికి యజమానికి చెప్పకుండా ఒక అంతర్జాతీయ ఎస్ఎంఎస్ పంపుతాయి. అది చిన్న మొత్తమే, బిల్లులో కనిపించినప్పుడు కంగారు పడనక్కర్లేదు.

తాళంచెవి అన్నాక దొంగ సంగతి కూడా చెప్పుకోవాలి. ఫోన్ పోతే, తెర తాళం తీయలేని దొంగ కూడా సిమ్‌ను బయటికి తీసి మరో ఫోన్‌లో వేసుకుని మన ఓటీపీలు అందుకోగలడు. దీనికి విరుగుడు సిమ్ పిన్. అది పెట్టుకుంటే ఏ ఫోన్‌లో వేసినా ముందు ఆ అంకెలు అడుగుతుంది. మూడుసార్లు తప్పు కొడితే, పడిన తాళం తెరవడానికి సిమ్ కంపెనీ ఇచ్చే పీయూకే కోడ్ అడుగుతుంది. అది పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా మూగబోతుంది. ప్రయాణానికి ముందే ఆ రెండు కోడ్‌లూ ఫోన్‌లో కాక మరెక్కడైనా రాసి పెట్టుకోవాలి. అలాగే బ్యాంకు తన యాప్ ద్వారానే అనుమతి తీసుకునే ఏర్పాటు చేస్తే, ఇంటి దగ్గర ఉండగానే దాన్ని తెరిచి ఒకసారి వాడి చూడాలి. కొత్తగా ఆ యాప్ పెట్టుకోవడానికి కూడా ఓటీపీ కావాలి కాబట్టి, అక్కడికి వెళ్లాక చూద్దాం అనుకుంటే కుదరదు. కొన్ని కంపెనీలు అంతర్జాతీయ రోమింగ్‌ను బయల్దేరే ముందే తెరిపించుకోమంటాయి; సరిహద్దు దాటాక తెరవాలంటే చిక్కే.

ఇక మాటల సంగతి. రోమింగ్‌లో వచ్చే కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టాలని విని చాలామంది ఆశ్చర్యపోతారు, మోసం అనుకుంటారు. కాల్ నడిచే దారి తెలిస్తే ఆశ్చర్యం పోతుంది, బాధ మాత్రం మిగులుతుంది. ఇంటి నుంచి మనకు ఫోన్ చేసినవారికి మనం దేశం దాటిన సంగతి తెలియకపోవచ్చు. వారు మామూలు కాల్‌కే డబ్బు కడతారు. ఆ కాల్ ముందు మన సొంత దేశపు నెట్‌వర్క్‌కు చేరుతుంది, అక్కడి రికార్డుల్లో మనం ఫలానా దేశంలో ఉన్నామని తెలుసుకుని సముద్రాలు దాటి వస్తుంది. ఆ రెండో అంచె ఖర్చు మనది. నేనూ నా భార్యా తర్వాతి ప్రయాణంలో ఇద్దరమూ పాత సిమ్‌లతోనే వెళ్లి, ఒక సంతలో ఒకరికొకరం కనిపించక ఫోన్ చేసుకున్నాం. ఆమె నాకు ఇరవై అడుగుల దూరంలో, గొడుగుల దుకాణం వెనక నిలబడి ఉంది. నా గొంతు ఆ ఇరవై అడుగులు దాటడానికి ముందు మా దేశం వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. నాకు అంతర్జాతీయ కాల్ లెక్క, ఆమెకు వచ్చిన కాల్ లెక్క, రెండూ పడ్డాయి. ఒక కేక వేసి ఉంటే సరిపోయేది.

దీనికంటే గడుసుది, మనం ఎత్తకపోతే అవతలివారి మాట రికార్డు చేసి పెట్టే వాయిస్‌మెయిల్. ఎత్తని కాల్ వాయిస్‌మెయిల్‌కు మళ్లేలా పెట్టుకున్నవారికి, ఆ కాల్ విదేశం దాకా వచ్చి, మనం ఎత్తకపోయేసరికి తిరిగి సొంత దేశంలోని వాయిస్‌మెయిల్ పెట్టెకు వెళ్తుంది. వచ్చినందుకు ఒకటి, తిరిగి పోయినందుకు ఒకటి, ఇలా ఎత్తని కాల్‌కే రెండు లెక్కలు పడే వీలుంది. బయల్దేరే ముందు ##002# అని కొట్టి కాల్ చేస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి. ఫోన్‌బుక్‌లోని నంబర్ల ముందు ప్లస్ గుర్తు, దేశపు కోడ్ చేర్చి ఉంచుకోవడం కూడా ఇంటి దగ్గర చేయాల్సిన పనే. లేకపోతే అక్కడ మన చిన్నాన్న నంబరు నొక్కితే అదే అంకెలున్న ఎవరో స్థానికుడు ఎత్తవచ్చు.

డేటా నడిచే దారి కూడా చాలావరకు ఇలాంటిదే, కానీ అందులో ఒక లాభం దాగి ఉంది. రోమింగ్‌లో మనం తెరిచే ప్రతి పేజీ సాధారణంగా మన సొంత కంపెనీ ద్వారాలు దాటి ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. దారి పొడవు కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది, అయితే ఆ దేశపు అడ్డుగోడలు దానికి తగలవు. చైనా ప్రధాన భూభాగంలో స్థానిక సిమ్ మీద గానీ హోటల్ వైఫై మీద గానీ గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. బయటి దేశపు సిమ్ రోమింగ్‌లో ఉంటే అవే తెరుచుకుంటాయి. అంటే అక్కడికి వెళ్లేవారు జీబీ లెక్కలో చవకైన స్థానిక సిమ్ కొంటే, తాము ఆ జీబీలు దేనికోసం కొన్నారో అదే అందకుండా పోతుంది. యూఏఈలో స్థానిక నెట్‌వర్క్ మీద వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గానీ, అందులో మాట్లాడే కాల్స్‌కు చాలాకాలంగా అనుమతి లేదు. రోజూ రాత్రి ఇంటికి వీడియో కాల్ చేస్తామని పిల్లలకు మాటిచ్చి వెళ్లేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. మీ వ్యాసంలోని పట్టికలో ఈ గడి లేదు.

స్థానిక సిమ్‌ను నేను తక్కువ చేయడం లేదు. ఒకే దేశంలో నెల, రెండు నెలలు ఉండేవారికి, అక్కడివారితో రోజూ మాట్లాడాల్సినవారికి, టాక్సీకో ఆస్పత్రికో స్థానిక నంబరు ఇవ్వాల్సినవారికి దానికి సాటి లేదు. కాకపోతే అది చాలా దేశాల్లో పాస్‌పోర్ట్ చూపించి తీసుకోవాల్సిన వస్తువు, ముందు ఫోన్ దాన్ని ఒప్పుకోవాలి. వాయిదాల మీద ఒక కంపెనీ దగ్గర కొన్న ఫోన్ ఆ కంపెనీ సిమ్‌కే తాళం వేసి ఉండవచ్చు. ఇలా తాళం వేసి అమ్మడాన్ని కెనడా 2017 డిసెంబరులో, బ్రిటన్ 2021 డిసెంబరులో నిషేధించాయి, కానీ అన్ని దేశాలూ ఆ పని చేయలేదు. ఇంకొన్ని దేశాలు ఫోన్‌నే లెక్కిస్తాయి. తుర్కియేలో బయటి నుంచి తెచ్చిన ఫోన్‌లో అక్కడి సిమ్ 120 రోజులు పనిచేస్తుంది. ఆ తర్వాత ఫోన్‌ను నమోదు చేయించి పన్ను కట్టకపోతే నెట్‌వర్క్ దాన్ని వెలివేస్తుంది. ఫోన్‌ను గుర్తుపట్టేది 15 అంకెల ఐఎంఈఐతో. *#06# కొడితే తెర మీద కనిపిస్తుంది. ఫోన్ పోయినప్పుడు పోలీసులు అడిగేది కూడా అదే కాబట్టి ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది.

పాత ఫోన్‌ను ప్రయాణానికి తీసుకెళ్లే అలవాటున్నవారికి మరో మాట. పోతే పోయిందిలే అని సొరుగులోని పాత ఫోన్ తీసుకెళ్తారు, అది తెలివైన పనిగానే కనిపిస్తుంది. అమెరికాలోని పెద్ద కంపెనీలు 2022లో 3జీని మూసేశాయి, ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరులో అది ముగిసింది. 4జీ మీద గొంతును మోసే వోల్టీ సదుపాయం లేని ఫోన్, లేదా ఆ దేశపు నెట్‌వర్క్ ఒప్పుకోని వోల్టీ ఉన్న ఫోన్, అక్కడ నెట్ చూపించగలదు గానీ కాల్ కలపలేదు. అత్యవసర నంబరుకు కాల్ చేయలేని ఫోన్లను ఆస్ట్రేలియాలో కంపెనీలు తమ నెట్‌వర్క్‌లోకే రానివ్వకూడదు. ఫోన్‌లో నాలుగు గీతల సిగ్నల్ కనిపిస్తుంటే ఆపదలో కాల్ కలవదని ఎవరికి తడుతుంది?

ఈ-సిమ్ విషయంలో మీ రచయిత ఉత్సాహంతో నాకు చాలావరకు ఏకీభావమే, నా పొట్లం కథ విన్నవారెవరైనా కార్డు లేని సిమ్‌ను మెచ్చుకుంటారు. ఇంట్లో కూర్చుని కొనవచ్చు, క్యూఆర్ కోడ్ చూపిస్తే ఫోన్‌లో చేరుతుంది, పాత సిమ్‌ను కదిలించాల్సిన పని లేదు. కానీ ఒకే కోడ్‌ను సాధారణంగా రెండోసారి వాడలేం. పనిచేయడం లేదనుకుని తొందరపడి తొలగిస్తే డబ్బు పోయినట్లే. దిగాక విమానాశ్రయంలో ఎక్కిద్దాం అనుకుంటే, ఎక్కించడానికే నెట్ కావాలి. కొన్నిటి గడువు ఫోన్‌లో ఎక్కించగానే మొదలవుతుంది, కొన్నిటిది ఆ దేశపు టవర్ అందుకున్నాక. కొనేముందు ఈ ఒక్క వాక్యం వెతికి చదవాలి. చాలా ఈ-సిమ్‌లలో నంబరే ఉండదు, నెట్ మాత్రమే. దాంతో ఒక తమాషా జరుగుతుంది: ఉచిత వైఫై అంటూ బోర్డు పెట్టిన కొన్ని చోట్ల, అందులోకి వెళ్లడానికి ఫోన్ నంబరుకు ఎస్ఎంఎస్‌లో కోడ్ పంపుతారు. నంబరు లేనివాడికి ఉచితం కూడా దొరకదు. అక్కడ కూడా పాత నంబరే ఆదుకోవాలి.

ఫోన్ ఎక్కడ కొన్నామన్నది కూడా ఇక్కడ పట్టింపే. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకుని అమెరికాలో అమ్మిన ఐఫోన్లకు కార్డు పెట్టే ట్రేనే లేదు. చైనా ప్రధాన భూభాగంలో అమ్మిన చాలా ఐఫోన్లలో రెండు కార్డులకు చోటుంది గానీ ఈ-సిమ్ లేదు. బంధువులు పంపిన ఫోన్ అని మురిసిపోయి, దానికి ఏ సిమ్ పడుతుందో చూసుకోకుండా విమానం ఎక్కకూడదు.

వైఫై ఒక్కదానితోనే గడిపేస్తామనేవారి ధైర్యం మెచ్చుకోదగ్గదే. హోటల్ నుంచి అడుగు బయట పెట్టాక దారి తప్పనివారికి అది సరిపోతుంది. పటం ముందే దించుకుని ఉంచుకుంటే దారి కూడా దొరుకుతుంది, ఎందుకంటే మనం ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్‌కు నెట్‌తో పని లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను ఫోన్ నేరుగా అందుకుంటుంది.

ప్యాక్‌ల గురించి నా ఫిర్యాదు మాత్రం కంపెనీల మీదే. "రోజుకు" అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఆ రోజు ఎవరి గడియారం ప్రకారమో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నిచోట్ల అది మొదటి వాడకం నుంచి 24 గంటలు, కొన్నిచోట్ల సొంత దేశపు అర్ధరాత్రి వరకు. రెండో రకంలో, మనం దిగిన ఊరి మధ్యాహ్నమే మన దేశంలో అర్ధరాత్రి దాటితే, భోజనానికి ముందు ఒక రోజు, భోజనం తర్వాత మరో రోజు ఖర్చవుతాయి. "అపరిమితం" అన్నది మరో ముచ్చట. ఒక హద్దు దాటాక వేగం 128 కేబీపీఎస్‌కు తగ్గిస్తామని షరతు ఉంటే, ఆ వేగంతో 4 ఎంబీల ఫొటో ఒక్కటి పంపడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. పరిమితి లేని మాట నిజమే, ఓపికకు పరిమితి ఉన్నవాళ్లదే కష్టం.

ప్యాక్ ఏ దేశాలకు వర్తిస్తుందన్నది ఇంకా ముఖ్యం. "యూరప్" అని ఉంటే స్విట్జర్లాండ్ అందులో ఉందో లేదో విడిగా చూడాలి, అది యూరోపియన్ యూనియన్‌లో లేదు. విమానం మారే దేశాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అక్కడ రెండు గంటలు ఆగినప్పుడు ఏరోప్లేన్ మోడ్ తీసేస్తే, ఇంటి నుంచి దాచుకున్న ఫొటోలు, యాప్‌ల అప్‌డేట్లు, వాట్సాప్ గ్రూపుల్లోని శుభోదయం వీడియోలు అన్నీ ఆ పరాయి టవర్ మీదికి ఒక్కసారిగా ఎగబడతాయి. నదికి అవతలి ఒడ్డున మరో దేశం ఉన్న ఊళ్లలో, మనం దాటకపోయినా ఫోన్ దాటుతుంది. అక్కడ నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకుని కట్టేయాలి. అన్నిటికంటే ప్రమాదం సముద్రం మీద. తీరం దాటాక పెద్ద ఓడలు తమ సొంత టవర్‌ను ఉపగ్రహానికి కలిపి నడుపుతాయి. అది ఏ దేశపు నెట్‌వర్కూ కాదు, కాబట్టి ఏ దేశానికి కొన్న ప్యాకూ మామూలుగా దానికి పనికిరాదు. దేశాలకు ఇచ్చే మూడంకెల కోడ్‌ల స్థానంలో వీటికి 901 అనే ఉమ్మడి కోడ్ ఇచ్చారు. విమానాల్లోని టవర్లదీ ఇదే పద్ధతి. ఓడ ఎక్కగానే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, కావాలంటే ఓడలోని వైఫై కొనుక్కోవడమే ఇక్కడ ఉన్న దారి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక, ఇవన్నీ ప్రయాణికుడే ఎందుకు మోయాలన్న ప్రశ్న రాక తప్పదు. యూరోపియన్ యూనియన్ 2010లోనే ఒక పని చేసింది: రోమింగ్ డేటా ఖర్చు పన్ను కాకుండా 50 యూరోలకు చేరగానే, చందాదారు మరోలా కోరుకుంటే తప్ప, కంపెనీ నెట్ ఆపేయాలి, 80 శాతం దగ్గర హెచ్చరిక పంపాలి. 2017 జూన్ 15 నుంచి అక్కడి చందాదారులు ఆ కూటమి దేశాల్లో ఎక్కడ తిరిగినా, సముచిత వాడకం హద్దులకు లోబడి, ఇంట్లో వాడినట్లే వాడుకునే ఏర్పాటు వచ్చింది. 2022లో దాన్ని మరో పదేళ్లకు పొడిగించారు. ఈ సదుపాయం ఆ దేశాల సిమ్ ఉన్నవారికే, బయటి నుంచి వెళ్లేవారికి కాదు. రెండో ఏర్పాటు అన్ని దేశాల మధ్య రేపే సాధ్యమని నేను అనడం లేదు, దాని వెనక చాలా బేరసారాలుంటాయి. మొదటిదానికి మాత్రం ఏ బేరసారమూ అక్కర్లేదు. ఆపడం కంపెనీ చేతిలో ఉన్న మీట. వాడకం వివరాలు విదేశీ కంపెనీ నుంచి రావడానికి కొన్ని గంటలు పడుతుందని వారు చెప్పే సాకులో కొంత నిజముంది; కానీ రోమింగ్ డేటా సొంత కంపెనీ ద్వారాల గుండానే పోతున్నప్పుడు, తన గుమ్మం దాటి ఎన్ని ఎంబీలు వెళ్లాయో ఆ కంపెనీకి తెలియదంటే ఎలా నమ్మాలి?

అదేవిధంగా, పోయిన సిమ్‌ను ఆపించడానికి ఆ సిమ్‌కే ఓటీపీ పంపే పద్ధతిని కంపెనీలూ బ్యాంకులూ తక్షణం మార్చుకోవాలి. పాస్‌పోర్ట్ చూపించి వీడియోలో గుర్తింపు ఇచ్చే వీలు కల్పిస్తే, నా 9 రోజులు 9 నిమిషాలయ్యేవి.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఇకమీదట రోమింగ్ ప్యాక్‌ల పట్టిక వేసినప్పుడు జీబీ ధర పక్కన, ప్యాక్ లేకుండా కూడా ఆ కంపెనీలో ఎస్ఎంఎస్ వస్తుందా, హద్దు దాటితే నెట్ ఆగుతుందా లేక బిల్లు పెరుగుతుందా, రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది అన్న మూడు గడులు అదనంగా వేయండి. ఆ మూడు గడులు నింపడానికి కంపెనీలకు ఫోన్ చేసే మీ విలేకరికి ఎన్నిచోట్ల సూటిగా జవాబు దొరికిందో కూడా రాస్తే, ఆ సంఖ్యను చదవాలని నాకు కుతూహలంగా ఉంది.

భవదీయుడు,
మీ పాఠకుడు